గొలుసు ఉపవాసం

వాన కోసం మా చర్చి సంఘంలో నలభై రోజుల గొలుసు ఉపవాసం పెట్టుకున్నాం. రోజుకొక ఇంటి వంతు. ఆ ఇంట్లో ఒకరు పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఏమీ తినకుండా మందిరంలో ప్రార్థన చేయాలి. ఒక్కరోజు తప్పితే గొలుసు తెగినట్టే, మళ్లీ మొదటికి రావాలి. కుందుర్పి దగ్గర మా పల్లెలో ఇరవై ఇళ్లు. ఎనిమిది ఇళ్లకు తాళాలు. శనక్కాయ చేలు ఎండిపోయి వాళ్లంతా బెంగళూరుకు పనికి పోయారు.

వాళ్ల వంతులు ఎవరుండాలి? మా అత్త ఓబమ్మ చెయ్యెత్తింది.

"కూలికి పోయేటోళ్లు కడుపు మాడ్చుకుంటే పనెట్ల చేస్తారు? నేను ఇంట్లో ఊరికే ఉండాను కదా, నేనుంటాలే."

అందరూ స్తోత్రం అన్నారు. ఆమెకు షుగరుందని అందరికీ తెలుసు. మాత్రలు తెచ్చేదాన్ని, నాకు ఇంకా బాగా తెలుసు. అయినా మా ఇంటి వంతు కూడా ఆమెకే వదిలి ఉపాధి పనికి పోయాను. తిలాపాపం తలా పిడికెడు. అందులో నా పిడికిలే పెద్దది.

పదకొండో రోజు, తన ఐదో పస్తులో, చీకటి పడి పస్తు తీరే వేళకు అత్త మందిరంలోనే పడిపోయింది. ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను కడిగేసింది. "ఇంకోసారి పస్తుంటే మనిషి దక్కదు."

ఆదివారం ఆరాధన కాగానే లేచాను. నా నోరు మంచిది కాదని పల్లెకంతా తెలుసు.

"ఏం పాస్టరయ్యా, ముసలామె ప్రాణం పెట్టి వాన అడుగుతామా? ఆ పట్టీలో ఆమె పేరు కొట్టేయండి."

"ఆయమ్మే అడిగిందమ్మా" అన్నారాయన తలొంచుకుని.

"అడిగితే ఇచ్చేస్తామా? ఆమె మాడతాంటే అందరం సుఖపడినాం, నాతో సహా."

పక్కింటి మల్లీశ్వరి లేచింది. "ఆ వంతులు మేం పంచుకుంటాంలే." పాస్టరయ్య అత్త పేరు కొట్టేసి, మరుసటి రోజుకు నా పేరు రాశారు. గెలిచినట్టే ఇంటికొచ్చాను.

సంగటి పళ్లెం మంచం దగ్గర పెట్టి, "అత్తా, నీ పేరు తీసేసినారు. ఇంక వేళకు తిని మాత్ర మింగు" అన్నాను.

"ఎవరు తీపించినారు?"

"నేనే."

అత్త పళ్లెం పక్కకు జరిపింది.

"కానుకేద్దామంటే చేతిలో రూపాయుండదు. పాడదామంటే గొంతు లేదు. ఆడ మందిరంలో నాకంటూ ఉండింది ఆ పస్తొకటే సువర్ణా. అదీ తీసేస్తివే."

"తిను అత్తా" అన్నాను. పళ్లెం మళ్లీ దగ్గరికి జరిపాను.

కళ్లు తుడుచుకుంటూ తినింది. ఆమె బతకాలనే చేశాను. అయినా దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఆమె ఎదుట కూర్చున్నాను.