ఓడ మారిన తెల్లకర్ర

నేను ఒక తెల్లకర్రను. చూపు లేనివాళ్ళు చేత పట్టుకుని, నేలను తడుముకుంటూ నడుస్తారే, ఆ కర్రను. కర్ర అని పేరే గానీ నాలో కలప లేదు. నాలుగు అల్యూమినియం గొట్టాలు, వాటి లోపల ఒక సాగే తాడు, పైన రబ్బరు పిడి, కింద గుండ్రటి ప్లాస్టిక్ మొన. మడిస్తే చేతిసంచిలో పడతాను. విదిలిస్తే టకటకా అతుక్కుని నిలబడతాను. నా కింది ముక్కకు ఎర్రరంగు వేశారు. అది నన్ను పట్టుకున్నవాళ్ళకు కాదు, ఎదురొచ్చే కళ్ళున్నవాళ్ళకు కనబడాలని. వాళ్ళలో చాలామందికి కనబడదని తర్వాత తెలిసింది.

ఉత్తరాదిన ఏదో కొండ ఊళ్ళో, ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను బిగించిన ఆవిడ ప్రతి కర్రనూ ఒకసారి నేలకు తాటించి, చెవి పెట్టి విని, బాగుంటేనే కట్టలో పెట్టేది. మా పని పలకడం. రాయి మీద ఒకలా, మట్టి మీద ఒకలా, ఇనుము మీద మరొకలా పలుకుతాం. ఆ పలుకుని బట్టి మనిషి తరవాతి అడుగు వేస్తాడు.

నన్ను మొదట కొన్నది విజయనగరంలో ఒక వయొలిన్ మాస్టారు. కంట్లో పొర కమ్మి చూపు మసకబారుతున్న రోజులవి. ఎనిమిది నెలలు వయొలిన్ పెట్టెలోనే ఉన్నాను. నలుగురిలో నన్ను బయటికి తీయడానికి ఆయనకు సిగ్గు. స్తంభాలకు గుద్దుకోవడానికి మాత్రం సిగ్గుపడేవారు కాదు. ఆపరేషనై చూపు తిరిగొచ్చాక, ఒకప్పుడు తన దగ్గర పాఠం చెప్పించుకున్న పైడితల్లికి నన్ను ఇచ్చేశారు. అక్కడినుంచి నా అసలు బతుకు మొదలయింది.

పైడితల్లికి మూడో ఏట జ్వరంలో చూపు పోయింది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. ఆమె గొంతు వినని డాక్టరు లేడు, ఆమె మొహం గుర్తున్న డాక్టరు లేడు. అదే ఆసుపత్రిలో నర్సుల యూనిఫారాలు, ఆపరేషన్ గదుల దుప్పట్లు కుట్టే టైలరు సింహాచలం. దారం అయిపోయిందని, సూది విరిగిందని, ఏదో వంకన రోజుకు నాలుగుసార్లు ఎక్స్ఛేంజికి ఫోన్ చేసేవాడట. ఆరో నెలలో దారం గురించి కాకుండా పెళ్ళి గురించి మాట్లాడాడు.

మంచి మనిషి. కానీ నేను ఆ ఇంటికి రాకముందే, ఒక వానాకాలం పైడితల్లి మూత లేని కాలవలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ రోజు నుంచి ఇంటి గడప దాటితే ఆయన ఆమె ఎడమ మణికట్టు వదిలిపెట్టడు. కుడిచేతిలో నేను ఉన్నా లేనట్టే. ఆయన గుంజిన వైపు ఆమె, ఆమె వెనక నేను. సంతకి తీసుకెళ్ళిన గొడుగులా ఉండేది నా పరిస్థితి.

రిటైరైనప్పుడు ఎక్స్ఛేంజిలోని తోటివాళ్ళంతా కలిసి ఆ దంపతులకు ఓడ టికెట్లు బహుమానంగా ఇచ్చారు. విశాఖ నుంచి బయలుదేరి, పుదుచ్చేరి, చెన్నై చూపించి తిరిగి తెచ్చే విహార నౌక. పేరు నీలవేణి. పాతది, చిన్నది. డెక్కు మీద కర్రచెక్కలు, మెట్లకు ఇనుప అంచులు, నడవాల్లో గట్టి నేల. దాని మీద అడుగు పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి మూలా ఒక్కో రకంగా పలికింది.

రెండోరోజు పొద్దున్న పైడితల్లి అంది, "నేనొక్కదాన్నీ పైకెళ్ళొస్తానయ్యా."

"ఏటి? సముద్రంలో పడిపోతే?"

"డెక్కు చుట్టూ ఇనుప కమ్మీ నా రొమ్ముల దాకా ఉంది. పడాలంటే ఎక్కి దూకాలి."

సింహాచలం చాలాసేపు ఆలోచించాడు. ఓడ మీద ఆటోలు లేవు, గేదెలు లేవు, కాలవలు లేవు. చివరికి మణికట్టు వదిలాడు. ఆమె నన్ను పట్టుకుని నడవా దాటింది, ఇరవై రెండు మెట్లెక్కింది, బరువైన తలుపు తోసింది. గాలి మొహాన కొట్టింది. అక్కడే నిలబడి గట్టిగా నవ్వింది. పక్కన ఎవరూ లేకుండా, తనంతట తాను ఒక చోటికి చేరుకుని ఎన్నేళ్ళయిందో.

ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి జూలైలోనూ నీలవేణి ఎక్కాం. జనం సముద్రం చూడటానికి వెళతారు. పైడితల్లి ఒంటరిగా నడవడానికి వెళ్ళేది. ఏడాదిలో ఆ నాలుగు రోజులే నాకూ ఉద్యోగం.

ఐదో ఏడు టికెట్ల ఏజెంటు ఫోన్ చేసి, నీలవేణి ఇక విశాఖ రాదని, ఆ కంపెనీ దాన్ని పడమటి తీరానికి మార్చుకుందని చెప్పాడు. బదులుగా వేరే కంపెనీ ఓడ వస్తోందట. సింహాచలానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు. పదకొండు అంతస్తులు, ఈత కొలను, సినిమా హాలు.

"మనకొద్దు," అంది పైడితల్లి.

"చాలా పెద్దదంట పైడీ. అన్నీ లిఫ్టులేనంట, మెట్లెక్కక్కర్లేదంట."

"ఆ మెట్లు నాకు తెలుసు. ఈ లిఫ్టులు నాకు తెలీవు."

రెండు వారాలు ఆ మాట అలాగే ఆగింది. జూలై దగ్గరపడేకొద్దీ ఆమె కిటికీ దగ్గర కూర్చునే సమయం పెరిగింది. ఒకరోజు తనే, "సరే, టికెట్లు చెప్పు," అంది. ఆశతో అందో, ఆయన కోసం అందో నాకు తెలియదు.

కొత్త ఓడ నిజంగా గొప్పది. అదే చిక్కు. నడవాల నిండా దళసరి కార్పెట్. నేను తాకితే చప్పుడే లేదు. పుట్టాక మొదటిసారి మూగదాన్నయ్యాను. తలుపులన్నీ ఒకేలా నున్నగా ఉన్నాయి. లిఫ్టులో నొక్కడానికి బొత్తాలు లేవు, అద్దం మీద వెలిగే అంకెలు. గదిలో ఫోను కూడా అద్దమే. ముప్ఫై ఏళ్ళు ఊరంతటికీ ఫోన్లు కలిపిన మనిషి, ఆ అద్దం మీద వేళ్ళు ఆడించి, ఏమీ పలకకపోయేసరికి మెల్లిగా పక్కన పెట్టేసింది.

మొదటి సాయంత్రం తనే డెక్కుకు వెళ్ళాలని బయలుదేరి, మూడు మలుపుల్లో దారి తప్పి, ఎవరిదో గది తలుపు తట్టింది. సింహాచలం వెతుక్కుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఇంక నన్నొదిలి ఎక్కడికీ ఎల్లకు. మొక్కుతాను నీకు."

మణికట్టు మళ్ళీ ఆయన చేతిలోకి పోయింది. పైడితల్లి నన్ను మడిచి సంచిలో పెట్టింది. ఆ మడత పెట్టిన తీరుకే నాకు అర్థమయింది, ఇంటికి చేరేదాకా ఇక బయటికి తీయదని.

మర్నాడు మధ్యాహ్నం సముద్రం అల్లకల్లోలమైంది. భోజనానికి ముందు సింహాచలం ఎప్పటిలాగే ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. తిన్న రెండు ముద్దలూ వెంటనే వాంతి అయిపోయాయి. మంచం మీద పడుకున్నాడు. కాసేపటికి ఆయన మాట ముద్దగా రావడం మొదలైంది. పైడితల్లి నుదురు పట్టి చూసింది. చెమటతో తడిసిపోయి, చల్లగా ఉంది. ఆసుపత్రిలో అన్నేళ్ళు పనిచేసిన మనిషి. సుగర్ పడిపోతోందని పోల్చుకుంది.

ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టింది. టీ కప్పుల దగ్గర తడిమి పంచదార పొట్లాలు చించి, ఆయన బుగ్గకూ పళ్ళకూ మధ్య రుద్దింది. అద్దం ఫోను నొక్కి చూసింది. సెల్‌ఫోనుకు సముద్రంలో సిగ్నల్ లేదు. తలుపు తీసి కేకలు వేసింది. జనమంతా కింద ఏదో ఆటా పాటా చూస్తున్నారు, పలికినవాళ్ళు లేరు.

"నేనెళ్ళి డాక్టర్ని తెస్తాను. వింటున్నావా?"

సింహాచలం ఆమె కొంగు పట్టుకున్నాడు. వద్దనే కాబోలు. ఆమె ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడిపించి, నన్ను సంచిలోంచి తీసి విదిలించింది.

నడవాలో నాకు చేతనైంది గోడను తాకడమే. ఎడమ తిరిగాం. ఓడ ఊగుతోంది. కొంత దూరం పోయాక రెండు దారులు వచ్చాయి. పైడితల్లి ఆగిపోయింది. ఇక్కడ నుంచి నాకేమీ తెలియదు, ఆమెకూ తెలియదు. ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. చూపు లేనివాళ్ళు కూడా బాగా వినాలంటే కళ్ళు మూసుకుంటారు.

కుడివైపు నుంచి సన్నగా సబ్బు వాసన వచ్చింది. దాని వెనక ఏదో యంత్రం గిరగిరా తిరుగుతున్న చప్పుడు. అటు నడిచింది. చివర బరువైన ఇనుప తలుపు. భుజంతో తోసింది. నేను గడప అవతల మొన ఆనించానో లేదో, ఠంగుమని మోగాను!

ఇనుప నేల! కార్పెట్ వేయాల్సినంత గొప్పవాళ్ళు అటువైపు తిరగరు మరి. అది పనివాళ్ళ దారి. నా గొంతు నాకు తిరిగొచ్చింది. మెట్లు, మలుపు, మళ్ళీ మెట్లు, అన్నీ చెప్పాను. పైడితల్లి పరుగులాంటి నడకతో దిగింది. మధ్యలో ఓడ ఒక్కసారిగా ఒరిగింది. ఇంకో తలుపు దాటుతుంటే అది ధడాలున మూసుకుని నన్ను నడిమికి పట్టేసింది. మూడో గొట్టం వంగిపోయింది. ఆమె నన్ను లాగి, వంకరగా ఉన్నానని తెలిసి కూడా ఆగలేదు.

కింద అది బట్టలు ఉతికే గది. ఆవిరి, వేడి, యంత్రాల మోత. ఒక మగ గొంతు వినబడింది. "ఓలమ్మా! ఇటెలాగొచ్చీసినారండీ? ఇటు మీరు రాకూడదు."

తెలుగు విని పైడితల్లి గోడకు చేరబడింది. "నా భర్తకు సుగర్ పడిపోయింది బాబూ. డాక్టరు కావాలి. ఇక్కడ ఫోనుందా?"

అతని పేరు తవిటయ్య. నలభై అయిదేళ్ళుంటాయి. బారువ దగ్గర పల్లె, పదహారేళ్ళుగా ఓడల్లో బట్టలు ఉతుకుతున్నాడు. గోడ ఫోను తీసి తనే మాట్లాడబోయాడు. పైడితల్లి చెయ్యి చాపింది. "నాకివ్వు."

అది బొత్తాలున్న పాత రకం ఫోను. ఆ రిసీవరు చెవికి ఆనగానే ఆమె గొంతే మారిపోయింది. వణుకు లేదు, ఏడుపు లేదు. పేషెంటు వయసు, ఎన్ని యూనిట్ల ఇన్సులిన్, ఎప్పుడు వేసుకున్నాడు, ఎప్పుడు వాంతి అయింది, గది నంబరు, తలుపు తాళం వేయలేదు. అన్నీ ఇంగ్లీషులో, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా చెప్పింది. ముప్ఫై ఏళ్ళు ఆ గొంతుతో ఎవరెవరి ప్రాణాలకో డాక్టర్లను కలిపింది. ఫోను పెట్టేశాక మాత్రం ఉతికిన దుప్పట్ల గుట్ట మీద కూలబడింది.

తవిటయ్య నీళ్ళిచ్చాడు. "పదండమ్మా, చెయ్యట్టుకోండి, దిగబెట్టెస్తాను."

"చెయ్యి వద్దు బాబూ. దారి చెప్పు."

అతను తెల్లబోయాడు. రోజుకు వందసార్లు తిరిగే దారే, మాటల్లో పెట్టాలంటే తడబడ్డాడు. "ఇలాగెల్లి... ఇలాగంటే ఏటవుద్ది... ఎడం పక్క. పద్నాలుగు మెట్లు. తరవాత వంటింటి వాసనొస్తాది, దాన్నొదిలీండి..." ఆమె తలూపుతూ వింది. నేను కుంటుతూ ముందు నడిచాను. తవిటయ్య నాలుగడుగులు వెనక వచ్చాడు. ఒక్కసారి కూడా ఆమెను ముట్టుకోలేదు.

మేం చేరేసరికి మా గదిలో డాక్టరు ఉన్నాడు. సింహాచలం చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కడం కష్టమయ్యేదని అన్నాడు. చాలాసేపటికి సింహాచలం కళ్ళు తెరిచాడు. ఆమె చీర నిండా సబ్బు నురగ, నేను వంకర.

"ఎలాగెల్లావే?" అన్నాడు నీరసంగా.

"నడిచి."

ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. తను దక్కినందుకు కాదని నా నమ్మకం. ఇన్నేళ్ళుగా పట్టుకున్న ఆ మణికట్టు గుర్తొచ్చి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్న సముద్రం సర్దుకుంది. సింహాచలం దిండుకు ఆనుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. "పైడీ, తొమ్మిదో అంతస్తులో టీ మంచిగుంటాదంట. తెచ్చిపెడతావా?"

పెళ్ళయి ముప్ఫై మూడేళ్ళలో ఆయన ఆమెను బయటినుంచి ఏదైనా తెమ్మని అడగడం అదే మొదలు. పైడితల్లి లేచి జడ సవరించుకుంది. వెళ్ళి రావడానికి గంటన్నర పట్టింది. రెండుసార్లు దారి తప్పాం. లిఫ్టు అంకెలు ఎవరినో అడిగి నొక్కించుకుంది. కప్పులో సగమే మిగిలింది, అదీ చల్లారిపోయింది. సింహాచలం ఒక్క చుక్క వదలకుండా తాగి, "బాగుంది," అన్నాడు.

విశాఖలో దిగాక నన్ను సాపు చేయించడానికి ఇద్దరు ముగ్గురికి చూపించారు. వంగిన గొట్టాన్ని తిన్నగా చేస్తే కీలు బిగుసుకుపోయింది. నేనిక మడత పడను, సరిగా పలకను. కొత్తది తెప్పించారు. నాకంటే తేలిక, దాని గొంతు సన్నం. నన్ను తలుపు వెనక మేకుకు తగిలించారు. పైడితల్లి మొదటి వారమంతా కొత్తదాని పిడి పట్టుకుని చిరాకు పడింది. "ఇది నాకు ఏదీ సరిగ్గా చెప్పట్లేదు," అని గొణిగింది. నాకు లోలోపల కాస్త సంతోషమే అయిందని ఒప్పుకుంటాను. రెండో వారానికి గొణగడం మానేసింది. దానికీ నేను ఓర్చుకున్నాను.

నిన్న ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు. నీలవేణి వచ్చే జూలైకి తిరిగి విశాఖ వస్తోందట. అమ్మగారికి ఇష్టమైన ఓడ కదా, ముందుగానే గది ఆపమంటారా అని అడిగాడు.

సింహాచలం ఫోను పైడితల్లి చేతికిచ్చాడు.

"ఆ పెద్ద ఓడకే చెప్పండి," అంది పైడితల్లి. "అందులో ఇంకా ఎనిమిది అంతస్తులు నాకు తెలీవు."

ఈ పొద్దున్న ఇద్దరూ మందులు కొనడానికి బయలుదేరారు. నేనున్న తలుపు తెరుచుకుంది. సింహాచలం తాళంచెవి కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. ఈలోగా పైడితల్లి కొత్తకర్రతో మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఒక్కో మెట్టుకూ దాని సన్నటి చప్పుడు నాకు వినబడుతోంది. మూడో అంతస్తు. రెండో అంతస్తు. సింహాచలం తాళం చేతిలో పట్టుకుని, గుమ్మంలో నిలబడి, ఆ చప్పుడు వీధిలోకి పోయేదాకా విన్నాడు. పిలవలేదు. ఆ తర్వాత లోపలికొచ్చి, నెమ్మదిగా తలుపు దగ్గరకు వేశాడు.