అద్దం లోపలి చెమ్మ

నేను ఒక టేకు పెట్టెను. పక్కలా పైనా గాజుపలకలు. తెరచాపల ఓడలో మొక్కలను మారిషస్‌కు ప్రాణాలతో చేర్చడానికి కోరంగి ఓడల వడ్రంగులు నన్ను చేసి, గాలి చొరకుండా సందులన్నిటికీ తారు పూశారు.

అంతకుముందు సముద్రం మీద మొక్కలు బతకాలంటే మనుషులు తాగే నీటిలోంచి వాటా తీయవలసి వచ్చేది. నాకు ఆ అవసరం లేదు. పగటి ఎండకు ఆకులూ మట్టీ విడిచిన ఆవిరి గాజుకు తగిలి, చుక్కలై, తిరిగి మట్టిలోకే జారుతుంది. ఇందులో నా గొప్పేమీ లేదు.

మొక్కల వెంట వచ్చిన తోటల అధికారి కోదండరామయ్య గారికి ఈ సంగతి తెలుసు. చెరకు తోటల్లో కూలికి అదే ఓడలో పోతున్నవారికి తెలియదు. ఎవరూ పోయకుండానే లోపల నీరు పుడుతుంటే వారు ముక్కున వేలేసుకున్నారు. వారిలో ఒకడైన సూరప్పడి భార్య బంగారమ్మ అధికారి గారినే అడిగింది.

“బాబూ, ఈ పెట్టెలోన అమ్మోరున్నాదా?”

“ఉందనుకో. చెయ్యి మాత్రం వెయ్యకు.”

దేవతంటే ఎవరూ గాజు పగలగొట్టరని ఆయన ఆలోచన. వెలుతురుకు అడ్డం రాకుండా పసుపు కుంకుమలు చెక్క మీదే పెట్టాలని కూడా ఆయనే చెప్పారు. అమ్మవారికి అదే ఇష్టమట.

తరువాత గాలి పడిపోయింది. ఓడ నడిసముద్రంలో నిలిచిపోయి, తాగే నీరు మనిషికి పూటకొక ముంత అయింది. సూరప్పడికి జ్వరం. బంగారమ్మ తన ముంతా, మగడి ముంతా తెచ్చి నా మీద పోసి మొక్కుకుంది. నీళ్లు గాజు మీదుగా జారి ఓడ బల్లల మధ్యకు ఇంకిపోయాయి. ఒక్క చుక్క లోపలికి రాలేదు. అలా రానివ్వననే కదా నన్ను చేసినవాళ్లు మెచ్చుకున్నది!

కోదండరామయ్య గారు నిజం చెప్పబోయి నోరు తెరిచారు. చుట్టూ ఎండిన పెదవులను, నాలోని పచ్చని ఆకులను చూసి మూసుకున్నారు. నాకు నోరే లేదు. ఇన్నేళ్లుగా దాన్నే సాకుగా చెప్పుకుంటున్నాను.

సూరప్పణ్ణి సముద్రంలో దించిన సాయంత్రం ఆమె మళ్లీ వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

“నాను పోసిన నీళ్లు సాల్నేదా అమ్మా?”

చల్లబడిన గాజు మీద లోపల చుక్కలు దిగుతున్నాయి. ఆమె వాటిని చాలాసేపు చూసింది. చూసి, నన్ను ఓదార్చింది.

“నువ్వేడవకు తల్లీ.”

ఇప్పుడు ప్రదర్శనశాలలో ఉన్నాను. ఆ ప్రయాణంలో ఒక్క మొక్కా చావలేదని పక్కన రాసి పెట్టారు. నిజమే. మొన్న ఒక పెద్దావిడ వంగి చూస్తే ఆమె ఊపిరికి నా గాజు మీద చెమ్మ పట్టింది. చేతులు జోడిస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కొంగుతో తుడిచి వెళ్లిపోయింది.