మాస్టారి ట్రేలో మూడు గుండెలు

జూన్ వచ్చిందంటే జపాన్‌లోని హకొదాతె రేవు పక్కనున్న మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతికి స్క్విడ్ అనే సముద్రజీవిని కోసి చూసే పాఠం. ఈ ఏడూ ఇసొగాయ్ మాస్టారు పొద్దున్నే రేవుకెళ్లి, ఆ తరగతిలోనే చదివే షిహొ వాళ్లమ్మ చేపల కొట్లో తాజావి ఏరి తెచ్చారు. పిల్లలు రక్షణ కళ్లద్దాలూ చేతి తొడుగులూ వేసుకుని, ట్రేల ముందు చేతులు జోడించి తలలు వంచారు.

"కత్తెర మొద్దు మొన లోపలికి. సిరా సంచి తెగిందో, బల్ల తుడిచేది మీరే," అన్నారు మాస్టారు.

ముప్ఫయ్యేళ్లలో ఆ గదిలో ఒక్క పిల్లవాడి వేలూ తెగలేదు. ఆయన చెయ్యి అంత నెమ్మది, చూపు అంత చురుకు. షిహొకి ఆయన కోస్తుంటే చూడటమే ముచ్చట.

ఆ గదిలో కోసిన స్క్విడ్‌కి ఉండే మూడు గుండెలూ మళ్లీ కొట్టుకుంటాయి, కోసినవాళ్ల గుండె ఎలా కొట్టుకుంటే అలా. అది ఊరందరికీ తెలిసిందే. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చిన తెప్పెయ్ అనే పిల్లాడి ట్రేలో అవి ఎగిరెగిరి పడుతుంటే, "ముందు మంచినీళ్లు తాగిరా నాయనా," అన్నారు మాస్టారు.

కిందటిసారి చేపని కోసినప్పుడు, షిహొ మార్కుల కోసం పుస్తకంలో బొమ్మని దించేసింది. మాస్టారు కాగితం తిరిగిచ్చేశారు. "బొమ్మ బాగుందమ్మా. కానీ ఇది నీ చేప కాదు, పుస్తకం వాళ్లది." చేపలమ్మే ఇంటి పిల్లకి అంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

ఈసారి ముందు వరసలో నిలబడి మాస్టారి ట్రేనే చూసింది. గుండెలు నాలుగుసార్లు కొట్టుకుని ఆగాయి. మూడుసార్లు కొట్టుకుని మళ్లీ ఆగాయి. ఆగినప్పుడల్లా ఆయన ఎడమచెయ్యి బల్ల అంచుని పట్టుకుంటోంది. షిహొకి భయమేసింది. అందరి ముందూ పెద్దాయనతో ఆ మాట ఎలా అనడం?

పరిశీలన కాగితం మీద పుస్తకంలో ఉన్నట్టే "క్రమంగా కొట్టుకున్నాయి" అని రాసింది. చెరిపేసింది. చూసింది చూసినట్టు రాసి, బెల్లు కొట్టకముందే ఆయన చేతికిచ్చింది.

మాస్టారు చదివారు. ట్రే వైపు చూశారు.

"ఎన్నిసార్లు ఆగాయి?"

"ఆరుసార్లండీ. చివరిసారి చాలాసేపు."

"మీ అందరివీ చూస్తూ నాది చూసుకోలేదు," అంటూ ఆయన కత్తెరని మొన అవతలికి ఉండేలా పెట్టి, కుర్చీలో కూర్చున్నారు. "తెప్పెయ్, ఆఫీసుకెళ్లి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాలని చెప్పు. పరిగెత్తకు."

ఇంకొక్క రోజు ఆగి ఉంటే దక్కేవారు కాదన్నారు డాక్టర్లు.

ఆకులు రాలే వేళకి మాస్టారు తిరిగొచ్చి, ఒక స్క్విడ్‌ని కోశారు. మూడు గుండెలూ తడబడకుండా కొట్టుకున్నాయి. అప్పుడు షిహొకి జూన్ నాటి కాగితం ఇచ్చారు. అడుగున ఎర్రసిరాతో ఒక్క వాక్యం ఉంది: "ఈ గుండె పుస్తకం వాళ్లది కాదు, నాదే."