మట్టి అంటని అల్లం

అల్లం కడగాలి. నీడన ఆరబెట్టాలి. మొలకలొచ్చినవీ మెత్తబడ్డవీ ఏరేయాలి. గాలి ఆడే అట్టపెట్టెల్లో సర్ది, ఏ చేలో తవ్విందో ప్రతి పెట్టె మీదా రాయాలి. పెట్టెల అడుగున వేసే చెక్కలు, పురుగు చచ్చేలా వేడిలో పెట్టి ముద్ర కొట్టినవే అయివుండాలి. తనిఖీకి మనిషిని పిలిచి, సరుకుకు తెగులేమీ లేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క మట్టి రేణువు కూడా ఉండకూడదు. మట్టితో పాటు కంటికానని పురుగులు సముద్రం దాటి వస్తాయని అవతలి దేశం వాళ్ళ భయం.

పంటసరుకు ఆ దేశానికి పంపే వ్యాపారుల కోసం వేసిన మార్గదర్శకాల్లో ఉన్నవే ఇవన్నీ. కోడలు వాటిని కంఠతా పట్టింది. షెడ్డులో పనిచేసే వాళ్ళందరికీ విడమరిచి చెప్పింది. చెప్పనిది ఒక్క అత్తగారికే. అల్లం అమ్మి ఇల్లు నిలబెట్టిన మనిషికి అల్లం గురించి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

అత్తగారు మాత్రం మొదట్లోనే తెగేసి చెప్పింది. "ఒక్కసారి చూస్తానే. సరుకు గడప దాటకపోయిందో, మళ్ళీ ఆ దేశం ఊసెత్తకు. మన మార్కెట్టు మనకుంది." కోడలు సరేనంది. ఆ ఒక్కసారి ఇవాళే.

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే కాళ్ళ కింద గరగరమంది. నిన్న తళతళలాడిన అల్లం ఇవాళ ట్రేలలో ఎర్రగా ఉంది. ప్రతి కొమ్ము మీదా, ప్రతి సందులోనూ సన్నటి ఎర్రమట్టి, జల్లెడ పట్టి చల్లినట్టు.

చల్లినట్టేమిటి, చల్లిందే.

"ఎలా ఉంది?" వెనకనుంచి అత్తగారి గొంతు, సంబరంగా. "నిన్న సాయంత్రం చూద్దును కదా, బోడిగా, పథ్యం తింటున్నవాడి మొహంలా ఉంది. ఎవడు కొంటాడే దాన్ని? చేలోంచి మట్టి తెప్పించి నా చేత్తో చల్లాను. ఇప్పుడే తవ్వినట్టు లేదూ?"

మార్కెట్లో ఆవిడ సరుకుకు పేరొచ్చింది ఈ కిటుకుతోనే. మట్టి ఉంటే తాజాది, లేకపోతే పాతది. అక్కడ కొనేవాళ్ళ లెక్క అంతే.

కోడలు గోనెసంచుల మీద కూలబడింది. మధ్యాహ్నం తనిఖీ అధికారిణి వస్తుంది. సాయంత్రానికి లారీ కదలాలి. రేవులో కంటైనర్ దగ్గర భర్త కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు.

"అత్తయ్యా, మట్టి ఉంటే ఒక్క పెట్టె కూడా పోనివ్వరు. మీకు చెప్పకపోవడం నాదే తప్పు."

అత్తగారి మొహంలో రంగు మారింది. "మళ్ళీ కడిగేస్తే?"

"ఆరదు. తడిగా పెడితే దారిలోనే బూజు పడుతుంది."

ఆవిడ ట్రేల వంక ఒకసారి, కోడలి వంక ఒకసారి చూసింది. చేతులు పైకి మడిచింది. "కూర్చుంటే రాలుతుందా? లేవే! తడి పనికిరాకపోతే పొడిగానే వదలగొడదాం. పళ్ళు తోముకునే బ్రష్షులు ఎన్ని దొరికితే అన్ని పట్రండి!"

ఆడపడుచు ఒక్క పరుగున వెళ్ళి కొట్లో ఉన్నవన్నీ ఊడ్చుకొచ్చింది. "కొట్టతను ఏమన్నాడో తెలుసా వదినా? ఏమ్మా, వీధి మొత్తానికి ఒకేసారి పళ్ళొచ్చాయా అని!"

నవ్వుతూనే అందరూ పనిలోకి దిగారు. పైమట్టి సులువుగానే రాలింది. కొమ్ముల సందుల్లోది మాత్రం బ్రష్షుకి లొంగలేదు. కోడలు తల ఎత్తింది. రోడ్డుకి అవతల పంక్చర్ షాపతను బస్సు చక్రానికి గాలి కొడుతున్నాడు. ఆమె అటు పరిగెత్తింది.

"అన్నా, నీ గాలి మిషను కావాలి!"

"ఏ బండికమ్మా?"

"అల్లానికి!"

అతను ఎగాదిగా చూశాడు. "ఒంట్లో బాగానే ఉందా చెల్లెమ్మా?" అంటూనే మిషన్ని చక్రాల బల్ల మీదికి ఎక్కించాడు.

బుస్సుమని గాలి కొట్టగానే సందుల్లోంచి ఎర్రటి పొగ లేచింది. "పోయింది! పోయింది!" ఆడపడుచు గంతులేసింది.

"పోయిందెక్కడికే? పెట్టెల మీదికి!" అత్తగారు కేకేసింది. "ఆపవయ్యా బాబూ! మిషను గేటు బయటపెట్టు. గాలి అటు వీస్తోంది, అటే కొట్టు. పెట్టెల మీద దుప్పట్లు కప్పండి. షెడ్డు తుడవండి!"

ఇక పని ఊపందుకుంది. ఒకరు తోముతారు, ఒకరు పట్టుకుంటారు, పంక్చరతను కొడతాడు, అత్తగారు వెలుగులో తిప్పి చూసి "ఊఁ" అంటే పెట్టెలోకి, "ఊహూఁ" అంటే మళ్ళీ బ్రష్షుకి. అల్లం తెల్లబడుతున్న కొద్దీ మనుషులు ఎర్రబడ్డారు. చివరి పెట్టె మూత పడుతుండగా గేటు ముందు కారు ఆగింది.

అధికారిణి సన్నటి మనిషి, మాట తక్కువ. బల్ల మీద తెల్లకాగితం పరిచింది. తనకి నచ్చిన పెట్టెల్లోంచి కొమ్ములు తీసి, కాగితం మీద తట్టి, రాలిందేమిటో భూతద్దంతో చూసింది. ఒకటి శుభ్రం. రెండోది శుభ్రం. మూడో దాంట్లోంచి సన్నగా, నీలంగా ఏదో పడింది. కోడలు కాగితం మీదికి వంగింది.

"ఏమిటిది?"

"బ్రష్షు పోచండీ," అంది ఆడపడుచు.

"అల్లానికి బ్రష్షు ఎందుకు?"

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకొచ్చింది. "నిన్న నేను మట్టి చల్లానమ్మా. అందంగా కనిపిస్తుందని. ఇవాళ అంతా వదలగొట్టాం."

ఆడపడుచు తల్లిని గట్టిగా గిల్లింది. అధికారిణి అప్పటికే సంతకానికి తీసిన కలాన్ని పక్కన పెట్టింది. "అయితే వెనక వరసవి దించండి. అడుగునున్నవి."

దించారు. మళ్ళీ విప్పారు. మళ్ళీ తట్టుడు, మళ్ళీ భూతద్దం. పంక్చరతను గేటు దగ్గర గొట్టం పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూశాడు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి గాజు చిట్లుతుందేమో అనిపించింది.

కాగితం తెల్లగానే ఉంది.

"సరుకు బాగుంది," అంది అధికారిణి సంతకం పెడుతూ. "ఈ వ్యాపారం ఎవరిది?"

"మా కోడలిది," అంది అత్తగారు, తడుముకోకుండా.

లారీ బయల్దేరుతుంటే ఆడపడుచు ఈల వేసింది. పంక్చరతను ఉత్తినే గాల్లోకి ఒకసారి బుస్సుమనిపించాడు. కోడలు ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. అత్తగారు అప్పుడే ఆమె భుజం కుదుపుతోంది: "పసుపు కొమ్ములు కొంటారటే ఆ దేశం వాళ్ళు? ఎలా ఉండాలట? చెప్పవేం?"

అయ్యా, అమ్మా, ఎప్పుడైనా ఎక్కడో దూరదేశపు కొట్లో శుభ్రమైన అల్లం కొమ్ము మీ చేతికి తగిలితే, దాచకుండా నిజం చెప్పి పెట్టెలన్నీ మళ్ళీ విప్పించిన ఆ పెద్దావిడని ఒక్కసారి తలుచుకోండి.