తూటాకు కన్ను

ఆ వర్క్‌షాపులో పొద్దువాలే వేళ వెలుతురు తూటాల్లోంచి వచ్చేది. మ్యూజియం వెనక పొడవాటి గది, పడమటి గోడ నిండా కిటికీలు, వాటి ముందు అరల్లో మోచేతి పొడవున్న పాత ఇత్తడి ఫిరంగి తూటాలు. ఏ కాలపు యుద్ధాలవో! లోపలి మందు తీసేశాక ప్రతిదానికీ చిటికెన వేలు పట్టేంత రంధ్రం ఇటునుంచి అటు వేస్తారు. చూసిన ఎవరికైనా అది ఖాళీ అని తెలియడానికి. దాన్ని కన్ను అంటారు. ఎండ ఆ కళ్లలోంచి దూరి నేల మీద బిళ్లలు బిళ్లలుగా పడేది.

ఆ కళ్లు పెట్టే ఆమెకు ఆ వేళంటే ప్రాణం. చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. "అమ్మాయి మళ్లీ ఎటో వెళ్లిపోయింది" అని ఎక్స్‌రే బాబాయి నవ్వేవాడు. లోహం లోపల ఏముందో మిషను పెట్టి చూసి చెప్పేది ఆయనే, అందుకే ఆ పేరు.

అదే బల్ల దగ్గర ఒకప్పుడు ఆమె తండ్రి పనిచేశాడు. కళ్లు పెట్టే పద్ధతి ఆయన తెచ్చిందే. "కన్ను తెరిచినదాన్ని ఎవరైనా ముద్దు చేయొచ్చు. కన్ను లేనిది ఇంకా నిద్రలో ఉన్నట్టే" అనేవాడు. కన్ను లేనిది ఎంత ముచ్చటగా ఉన్నా ఊరి బయట పేల్చేసే గోతికి పోవలసిందే. అందులో మొహమాటాల్లేవు.

ఇంట్లో ఉన్న తూటా సంగతి మాత్రం ఆమెకు ఎన్నడూ తట్టలేదు. రోజూ కళ్లెదుట ఉండే వస్తువును ఎవరు చూస్తారు గనక! పెళ్లైన కొత్తలో తండ్రి తల్లికి తెచ్చిచ్చింది అది. ఆయన పోయాక తల్లి దాన్ని రోజూ భోజనం అయ్యాక ఒళ్లో పెట్టుకుని, గుడ్డతో తుడుస్తూ, వీధిలో కబుర్లన్నీ చెప్పేది. కూతురు నవ్వితే, "మీ నాన్నతో మాట్లాడుతున్నానే, మధ్యలో నీకెందుకు?" అని కసిరేది. ఇంకెవరినీ దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు.

ఒక సెలవురోజు తల్లి మణికట్టు బెణికి గుడ్డ కూతురి చేతికొచ్చింది. తుడుస్తూ ఉంటే బొటనవేలు అలవాటుగా కన్ను కోసం వెతికింది. చుట్టూ తిరిగి మొదటికే వచ్చింది. లోపల ఏదో మెల్లగా జారింది.

"అమ్మా, దీనికి కన్నేదీ?"

"కన్నేమిటే, ముక్కూ చెవీ కూడా కావాలా? ఎప్పుడూ నున్నగానే ఉంది."

"అయితే ఇందులో మందు ఉండి ఉంటుంది. గోతికి పంపాలి."

తల్లి మొహం మాడిపోయింది. "అంటే, పెళ్లాన్నీ పిల్లనీ చావు పక్కన పడుకోబెట్టి మీ నాన్న రోజూ పనికి పోయాడంటావా?"

కూతురు గుడ్డ కింద పెట్టింది. తూటా పోతే పోనీ. పోయిన మనిషి మీద నమ్మకం కూడా పోతే అమ్మ ఇక ఎవరితో మాట్లాడుతుంది? ఆ ఆలోచనకే ఆమెకు ఏడుపొచ్చింది.

తూటాను మెత్తగా దిండు మీద ఆనించి, పక్క వాటావాళ్లను బయటికి పంపి, తల్లిని కింద మెట్ల మీద కూర్చోబెట్టి బాబాయికి ఫోన్ చేసింది. గుమ్మంలో నిలబడి చూస్తే గది తన గదిలా లేదు. నీళ్లడుగున ఉన్నట్టుంది. కర్టెన్ ఊపిరి పీల్చి వదులుతోంది. దిండు మీద తూటా బంగారంలా మెరుస్తూ నిద్రపోతోంది. లేవకు, లేవకు అని లోలోపల జోకొట్టింది.

బాబాయి చిన్న మిషనుతో వచ్చి, దూరం నుంచి తీసిన బొమ్మను తెర మీద చాలాసేపు చూసి, తల గోక్కున్నాడు.

"అమ్మాయ్, ఇందులో మందూ లేదు, మన్నూ లేదు. బొత్తాలున్నాయి!"

బొత్తాలు, పూసలు, ఒక పాలపన్ను. ఒక పక్కన గుండ్రటి అతుకు, దానికి ఎదురుగా ఇంకొకటి. కన్ను ఉండేది. ఎవరో మూసేశారు.

మెట్లెక్కి వచ్చిన తల్లి "బొత్తాలా?" అంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నువ్వేనే! దానికి ఆకలేస్తోందని మీ నాన్న చొక్కాల బొత్తాలన్నీ తెంపి తినిపించేదానివి. ఒకరోజు వేలు ఇరుక్కుని వీధంతా ఏకం చేశావు. ఆయన ఊళ్లో లేరు. ఇత్తడి పనివాడి దగ్గరికి తీసుకెళ్లి నేనే మూయించేశాను. వచ్చాక ఎంత గొడవ చేశారో! పిల్ల పెద్దదయ్యాక తెరుద్దురుగానిలే అన్నాను."

తరవాత ఆలుమగలిద్దరూ మరిచిపోయారు. ఇన్నేళ్ల తోముడుకు అతుకు అరిగి నున్నబడింది, తల్లి జ్ఞాపకమూ అలాగే నున్నబడింది.

"పిల్ల పెద్దదైందిగా" అంది కూతురు, ముక్కు ఎగబీలుస్తూ.

మర్నాడు తండ్రి బల్ల మీదే దానికి మళ్లీ కన్ను తెరిచింది. బొత్తాలు గలగలా రాలాయి.

ఇంటికి తెచ్చి ఒళ్లో పెడితే తల్లి ఈసారి తుడవలేదు. కబుర్లూ చెప్పలేదు. "మెట్ల మీద కూర్చున్న ఆ కాసేపు నేనూ ఆయన్ని అనుమానించానే" అంది కూతురితో. తర్వాత వంగి ఆ కంటికి పెదవులు ఆనించి, "కోపం పెట్టుకోకండి" అంది.