కౌనస్ నుంచి డబ్లిన్‌కి

ఆదివారం భోజనానికి నెరింగ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఫోన్ మోగింది.

"మీ ఊరి విమానాశ్రయంలో ఉన్నాను. నువ్వొస్తావా, నన్నే బస్సెక్కమంటావా?" లిథువేనియాలో, కౌనస్‌లో ఉండాల్సిన తల్లి అల్దోన గొంతు అది.

నెరింగకి ముందు సంతోషం కలగలేదు. భయం వేసింది. ఆ వెనకే సిగ్గు. పెళ్ళికి ముందు పని వెతుక్కుంటూ ఆమె ఐర్లండ్ వచ్చింది బస్సుల్లోనూ ఓడల్లోనూ, రెండు రోజుల పైచిలుకు ప్రయాణం చేసి. కూతురు ఇంకా అంత దూరంలోనే ఉందని తల్లి నమ్మకం. ఇప్పుడు నేరుగా విమానం ఉందని నెరింగ ఎప్పుడూ చెప్పలేదు. "చాలా దూరం కదమ్మా" అంటే చాలు, అల్దోన ఇంకేమీ అడిగేది కాదు. ఇంట్లో భర్త ఫెర్గల్ మాట వేరు. "మూడు గంటలేగా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. ఈ వారం మాత్రం మా అమ్మ సంగతి చూడు." అలా ఎప్పుడైనా వెళ్ళగలిగిన చోటికి ఆమె నాలుగేళ్ళుగా వెళ్ళలేదు.

కారులో అల్దోన ఒళ్ళో నల్ల రొట్టె మూట పెట్టుకుని కూర్చుంది. "నేరుగా విమానం ఉందని పక్కింటివాళ్ళు చెప్పి టికెట్ తీసిచ్చారు. ఆపిల్ తిని ఓ కునుకు తీశానో లేదో దిగమన్నారు. ఇంకెక్కడో దింపేస్తున్నారేమోనని పక్క సీటావిడని రెండుసార్లు అడిగాను" అంది. నెరింగ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

భోజనాల దగ్గర అత్తగారు నోరీన్ ఆప్యాయంగా అల్దోన చెయ్యి పట్టుకుంది. "మీ పిల్ల బంగారం. వసంతంలో నా తుంటి ఆపరేషన్ అయితే ఆరు వారాలు స్నానం కూడా తనే చేయించింది. నా కూతురు చేస్తుందా?"

"ఏమంటోంది?" అని కూతుర్ని అడిగింది ఇంగ్లీషు రాని అల్దోన.

ఆ వసంతంలోనే అల్దోన కంటికి ఆపరేషన్ అయింది. అద్దం ముందు నిలబడి, కంట్లో చుక్కల మందు తనే వేసుకుంది. వంట బాగుందంటోందని చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నెరింగ ఉన్నదున్నట్టు చెప్పింది.

అల్దోన ఫోర్క్ కింద పెట్టింది. "బాగా చేశావు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికినా లేదు. నెరింగ తల ఎత్తలేకపోయింది.

తర్వాత, తల్లికి పక్క వేస్తూ, "దూరమని కాదమ్మా, అడగడానికి భయపడ్డాను" అంది.

"ఎవర్ని?"

నెరింగ దగ్గర పేరు లేదు. వెళ్ళొద్దని ఆ ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా అనలేదు. దుప్పటి అంచు సర్దింది.

కిందికి దిగి వచ్చి, "మంగళవారం అమ్మతో వెళ్తున్నాను. నెలరోజులు ఉంటాను" అంది. వెళ్ళనా అని కాదు, వెళ్తున్నాను అనే అంది. మొహం ఇంకా సిగ్గుతో మండుతూనే ఉంది.

ఫెర్గల్ టీవీ గొంతు తగ్గించాడు. "మరి మా అమ్మని ఎవరు చూస్తారు?"

చూడాల్సింది కొడుకైన తనేనని అతనికే తట్టేదాకా ఆమె అక్కడే నిలబడింది.