నూట అరవై ఎనిమిది వాట్లు

నాగరాణి భయం ఒక్కటే. ముందు గదిలో మంట లేస్తే, వెనక గదిలో పడుకున్న ఇందు బయటికి రాలేదు. వెనక గదికి వేరే తలుపు లేదు. కిటికీకి ఇనుప చువ్వలున్నాయి. మూడేళ్ళ పిల్ల బయటపడాలంటే ముందు గదిలో మూడు గేమింగ్ కంప్యూటర్ల పక్కనుంచే రావాలి.

జహీరాబాద్‌లో స్టేషన్ దారిలో ఉన్న ఆ రెండు గదుల అద్దె ఇంట్లోనే వాళ్ళు ఉండటమూ, గేమింగ్ సెంటర్ నడపటమూ. మొగుడు మల్లేశ్ పొద్దున ఫ్యాక్టరీకి పోతాడు. పగలంతా సెంటర్ నాగరాణిదే. పోయిన వానాకాలం ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి కరిగి, ప్లగ్గు దానికే అతుక్కుపోయింది. ఆమె వాసన పట్టి మెయిన్ స్విచ్చి ఆపింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి పిల్ల నుదురు చూసినట్టే ప్లగ్గులు కూడా చెయ్యిపెట్టి చూస్తుంది.

ఈమధ్య ఆడేవాళ్ళు తగ్గారు. కొత్త గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి. బస్టాండ్ దగ్గర కొత్తగా తెరిచిన సెంటర్‌వాడు ఫ్లెక్సీ మీద ‘ఎనిమిది జీబీ’ అని మనిషెత్తు అక్షరాలతో రాయించాడు. ఇక్కడికి వచ్చేవాళ్ళు కూర్చోకముందే “ఎన్ని జీబీ?” అని అడుగుతున్నారు. ముందు ఒక కంప్యూటర్‌కైనా గేము బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు, ఎక్కువ జీబీ మెమరీ ఉన్నది, వేయాలని మల్లేశ్ నిశ్చయించాడు.

“శివశంకర్ దుకాన్ల ఎనిమిది జీబీ కార్డు పక్కకు పెట్టించిన. జర పోయి తేపో. డ్యూటీ దిగి వచ్చినంక బిగిస్త” అన్నాడు టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

“మన కంప్యూటర్ల నడుస్తదా అది?”

“నడవకేం? జీబీ ఉంటే అన్నీ నడుస్తయ్. నీకు అన్నిట్ల ఫికరే.”

అతను పోయాక ఆమె కంప్యూటర్ ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పింది. లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా ఉంటుంది, పవర్ సప్లై. దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కింద చీమల్లాంటి అక్షరాలు. ఫోన్ లైటు వేసి చదివింది. పన్నెండు వోల్టుల వరుసకు ఎదురుగా పద్నాలుగు ఆంపియర్లు.

పదో తరగతిలో కరెంటు పాఠం అయిన నెలకే వాళ్ళమ్మ మంచం పట్టింది. నాగరాణి బడి మానేసి వంటింట్లోకి వచ్చింది. పరీక్ష రాయనే లేదు. అయినా వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయన్నది ఆమెను వదిలి పోలేదు. అరచేతిలో పెన్నుతో గుణించింది. నూట అరవై ఎనిమిది. తప్పేమోనని రెండోసారి, మూడోసారి గుణించింది. అంతే వచ్చింది.

ఇందును చంకనేసుకొని దుకాణానికి పోయింది.

శివశంకర్ అప్పటికే కార్డు బల్ల మీద పెట్టాడు. రెండు ఫ్యాన్లతో ఇటుకంత ఉంది. పాతదే, హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసింది.

“తీస్కపో వదినె. మల్లేశ్ కోసమని దాచి పెట్టిన.”

“శివన్నా, ఇది ఏ కరెంటు మీద నడుస్తది?”

“పన్నెండు వోల్టులది.”

“ఎన్ని వాట్లు తింటది?”

శివశంకర్ కళ్ళద్దాలు పైకి నెట్టి ఆమెను చూశాడు. “నూట ఎనభై అయిదు. ఎందుకు?”

నాగరాణి అరచెయ్యి తెరిచి చూపింది. “మా డబ్బా పన్నెండు వోల్టుల మీద ఇచ్చేదే నూట అరవై ఎనిమిది. దాంట్లకెల్లి మదర్‌బోర్డు తినాలె, ఫ్యాన్లు తినాలె.”

“గవన్నీ చూస్తే దుకాన్ మూసుకోవాలె. డబ్బా మీద నాలుగొందల యాభై అని లేదా?”

“ఉంది. కిందిది గూడ చదివిన.”

“అరే, దీనికి ఇలాజ్ ఉంది వదినె.” డ్రాయర్ లోంచి రెండు ప్లగ్గులు ఒకటిగా కలిసే సన్నటి వైరు తీశాడు. “కన్వర్టర్. హార్డ్‌డిస్క్ వైర్లకెల్లి కరెంటు లాగి కార్డుకిస్తది. ఇట్లనే ఎంతమందికో పెట్టిన.”

ఆమె వైరు వేళ్ళతో నలిపి చూసింది. ఇంట్లో సెల్‌ఫోన్ చార్జర్ వైరు దీనికన్నా లావు.

పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి నవ్వాడు. చిరాగ్‌పల్లి వెస్లీ. పెళ్ళి వీడియోలు కత్తిరించి కూర్చి ఇస్తాడు, ఖాళీ దొరికితే గేములు ఆడతాడు. “శివన్నా, నీకు పరీక్ష పెట్టనీకి సార్ వచ్చినట్టుంది!”

“నవ్వు అన్నా, నవ్వు. మా పిల్ల పండేది ఈ వైరు వెనకనే” అంది నాగరాణి. శివశంకర్ వైపు తిరిగింది. “వేరే కరెంటు వైరు అక్కర్లేని కార్డు లేదా?”

ఉంది. కొత్తది, ఒకే ఫ్యాను. మదర్‌బోర్డులో గుచ్చితే చాలు, అక్కడి కరెంటుతోనే నడుస్తుంది. డెబ్బై వాట్లు. ధర కూడా ఆ పాతదానికి అటూ ఇటూగా అంతే. కానీ ఆరు జీబీ.

“మల్లేశ్ నన్ను తిడతడు. ఆరు ఏంది, ఎనిమిది ఏంది!” అన్నాడు శివశంకర్.

“తిట్టేది నన్ను గద. నేను పడ్త. గిదే కట్టు.”

ఆమె వదిలిన ఇటుకంత కార్డును వెస్లీ కొనుక్కున్నాడు, కన్వర్టర్ వైరుతో సహా. “అన్నా, నీ డబ్బా మీద కింది అక్షరాలు చదువు” అని నాగరాణి అంటే, “నీ నంబర్ ఇవ్వు చెల్లె, చదివి చెప్త” అని నవ్వాడు. ఆమె నిజంగానే నంబరు రాయించి, అతనిది తీసుకుంది.

సాయంత్రం మల్లేశ్ కార్డు అట్టపెట్టె చూసి బూట్లు కూడా విప్పలేదు. “ఆరా? బస్టాండ్ కాడ ఎనిమిదని రాసిన్రు. నేను ఆరు అని రాయాల్నా? రేపే మార్చుకొస్త.”

“మార్చు. మార్చినంక ఒక పని చెయ్. అది నడిచినంత సేపు ఇందును నా దగ్గర వదిలి, నువ్వు వెనక గదిల తలుపేసుకొని పండు. నీకు నిద్ర పడితే నేను గూడ ఒప్పుకుంట.”

“తమాషలా?”

“తమాష గాదు. వానాకాలంల కరిగిన బాక్సు పారెయ్యలే నేను. చూపెట్టాల్నా?”

మల్లేశ్ ఆ బాక్సు చూడనక్కర్లేదన్నాడు. కాసేపు పవర్ డబ్బా మీది చీమల అక్షరాలు చదివాడు. తరువాత స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. కార్డు లోపల కూర్చున్నాక ఒక గంటసేపు పెద్ద గేమ్ ఆడించారు. ఆగలేదు. నాగరాణి వైర్లు ఒక్కొక్కటే పట్టి చూసింది. చల్లగా ఉన్నాయి. మర్నాడు వచ్చిన నలుగురిలో ఒకడు “ఆరేనా?” అని పెదవి విరిచి పోయాడు. ముగ్గురు కూర్చున్నారు.

నాలుగో రోజు వెస్లీ వీడియో పంపాడు. గేమ్ అద్దంలా నడుస్తోంది. చివర్లో తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వచ్చింది. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

“అట్ల ఎన్నిసార్లయితుంది అన్నా?”

“ఓ రెండు సార్లు. జర వాసన గూడ వస్తుంది. కొత్త వైరు గద, పోతది.”

“పోదు! అది కాలే వాసన. ఇప్పుడే తీసెయ్.”

“కంప్యూటర్ల పెళ్ళి వీడియో తయారయితుంది చెల్లె, అయిపోయేదాక ఆపనీకి రాదు. దాన్ని వదిలేసి షూటింగ్‌కు పోతున్న. అమ్మ ఇంట్లనే ఉంది, ఫికర్ చెయ్యకు.”

గుచ్చి అడిగితే చెప్పాడు, వాళ్ళమ్మ ప్రవీణమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ అయిందట. ఇంకా మంచం దిగలేదట. ఆ సంగతి వినగానే నాగరాణి ఇంటి గుర్తులు అడిగి రాసుకుంది.

ఇవాళ పొద్దుటి మాట ఇది. అప్పటినుంచి వెస్లీ ఫోన్ కలవటం లేదు. శివశంకర్‌కు చెప్తే, “ఏం కాదు వదినె” అన్నాడు. చిరాగ్‌పల్లి పోయే ఆటో అతనికి ఇంటి గుర్తులు చెప్పి పంపింది, అతను తిరిగి రాలేదు. డ్యూటీ దిగగానే బండి మీద పోవాలని మల్లేశ్‌ను ఫోన్‌లో ఒప్పించింది, కానీ అది సాయంత్రం మాట. ఇందు పొద్దున్నుంచి జ్వరంతో ఉంది. పిల్లను భుజాన వేసుకొనే మళ్ళీ మళ్ళీ నంబరు నొక్కుతోంది.

మీరు ఇవాళ ముంబై హైవే మీద చిరాగ్‌పల్లి దాటి పోయేవాళ్ళయితే, ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. చర్చి వెనక సందులో నీలం గేటు ఇల్లు. వెస్లీ లేకపోయినా తలుపు కొట్టండి, ప్రవీణమ్మా అని పిలవండి. ఆమె పలికేదాకా అక్కడినుంచి కదలకండి. పలికితే, ముందు కంప్యూటర్ ప్లగ్గు పీకి, ఆ తరువాత ఎట్లున్నావని అడగండి.